భూమి కింది నీళ్లు - మన తలలో ఉన్న బొమ్మ

(మండల రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మన అనంతపురం ప్రాంతంలో ఏ రైతు అప్పుల లెక్క తీసినా విత్తనం, ఎరువు, కూలి ఖర్చుల పక్కన ఇంకో పద్దు కనబడుతుంది. అది బోరు అప్పు. ఒకటి ఎండితే రెండోది, రెండోది ఎండితే మూడోది. ఆశ కొద్దీ వేయిస్తున్నాం అంటారు. ఆశ ఒక్కటే కాదు, మన తలలో ఉన్న ఒక బొమ్మ కూడా మనచేత బోర్లు వేయిస్తోంది. ఈ పూట ఆ బొమ్మ గురించి మాట్లాడతాను.

భూమి కింద ఏముందో మనలో ఎవరమూ దిగి చూడలేదు. అయినా రిగ్గు బండిని పిలిచేటప్పటికే ప్రతి ఒక్కరి మనసులో ఒక చిత్రం ఉంటుంది. ఒకాయన చిత్రంలో కింద ఏరు పారుతుంటుంది, దాని మీద పాయింటు పడితే చాలు. అందుకే కొబ్బరికాయ పట్టుకున్న మనిషి వెంట చేనంతా తిరుగుతాడు. ఇంకొకాయన చిత్రంలో లోతుకు పోయే కొద్దీ నీళ్లు ఎక్కువ. 600 అడుగుల్లో దుమ్ము లేస్తున్నా ఇంకో 200 దించమంటాడు. మూడో ఆయన చిత్రంలో చేను గట్టు భూమి కింద కూడా గోడలాగా దిగి ఉంటుంది. నా చేని కింద నీళ్లు నావి, పక్కోడి నీళ్లు పక్కోడివి.

ఈ బొమ్మలు ఊరికే పుట్టలేదు. ఎక్కడో ఒకచోట కళ్లారా చూసిందే వాటికి మూలం. ఎవరికో 600లో పడని నీళ్లు 700లో పడతాయి. ఆ మాట నాలుగూళ్లు పాకుతుంది. పొడిగా పోయిన బోర్ల గురించి మాత్రం ఎవరూ రచ్చబండ మీద కూర్చుని చెప్పుకోరు, సిగ్గు, బాధ అడ్డమొస్తాయి. మనిషి ఆలోచన తీరే అంత. బొమ్మకు సరిపోయింది గుర్తుంటుంది, సరిపోనిది 'నా తలరాత' అనే ఖాతాలోకి పోతుంది. బొమ్మ మాత్రం అట్లాగే ఉంటుంది, ఇంకో బోరు వేయిస్తుంది.

మరి మన నేల సంగతేమిటి? మనది చాలావరకు గట్టి రాతి నేల. పైన మట్టి, దాని కింద గరుసు, మెత్తబడిన రాయి, ఆ కింద బండ. నీళ్లు నిలిచేది ముఖ్యంగా ఆ మెత్తరాతిలో, బండ పగుళ్లలో. లోతుకు పోయే కొద్దీ సాధారణంగా పగుళ్లు తగ్గిపోతాయి. 700 అడుగుల్లో ఒక పగులు తగిలి నీళ్లు రావచ్చు. కానీ ఆ పగులులోకి కూడా నీళ్లు దిగింది పైనుంచే. మన తాతలు కపిల తోలిన బావిలో ఊరిందీ వాన నీళ్లే, ఇప్పుడు మోటారు తోడేదీ వాన నీళ్లే.

కాబట్టి వేరే బొమ్మ గీద్దాం. ఊరంతా కలిపి ఒకే తొట్టి అనుకోండి. పైనుంచి ఎంత పడుతుంది, ఎంత తోడుతున్నాం?

ఎకరంలో ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4 వేల లీటర్లు. మనకు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు పడుతుంది, అంటే ఎకరానికి 22 లక్షల లీటర్లు. అందులో చాలా భాగం ఎండకు ఆవిరవుతుంది, పైరూ చెట్లూ తాగుతాయి, కొంత వంకలో పోతుంది. ఇట్లాంటి రాతి నేలలో కిందికి దిగేది పదో వంతు అనుకోవచ్చు. అంటే ఎకరానికి 2 లక్షల 20 వేల లీటర్లు.

ఇప్పుడు తోడే లెక్క. రబీలో, వాన లేని కాలంలో, ఎకరం వరికి 1,200 మిల్లీమీటర్లు పెడితే 48 లక్షల లీటర్లు. 'మడిలో కట్టిన నీళ్లు కొంత మళ్లీ కిందికే దిగుతాయి కదా' అని మీరు అడగాలి. నిజమే. పావు వంతు దిగిందనుకుని తీసేద్దాం. 36 లక్షలు మిగిలింది. అంటే ఎకరం వరి 16 ఎకరాల మీద పడిన వాన ఊటను తాగేస్తుంది. వేరుశనగకు 500 మిల్లీమీటర్లు అనుకుంటే 20 లక్షలు, అది 9 ఎకరాల ఊట.

వెయ్యి ఎకరాల ఊరు తీసుకోండి. ఏడాది ఊట 22 కోట్ల లీటర్లు. మనుషులూ పశువులూ ఒక్క చుక్క తాగకపోయినా దాని కింద పండేది 61 ఎకరాల వరి, లేదంటే 110 ఎకరాల వేరుశనగ. అంతే. మీ ఊళ్లో బోర్ల కింద ఎన్ని ఎకరాలు పచ్చగా ఉందో మీకే తెలుసు.

ఇక్కడొక సంగతి గమనించండి. గీత ఎక్కడ గీస్తామో కారణం అక్కడే కనబడుతుంది. గీత నా చేని చుట్టూ గీస్తే బోరు ఎండడం నా తలరాత, దానికి మందు ఇంకో బోరు. అదే గీత ఊరి చుట్టూ గీస్తే, అవే నీళ్ల కోసం నువ్వూ నేనూ పోటీపడి లోతుకు దించుతున్నామని తెలుస్తుంది. ఆ పోటీలో ముందు ఎండేది తక్కువ లోతు ఉన్న చిన్న రైతు బోరే. ఎక్కువ అప్పు తేగలిగినవాడిది నాలుగేళ్ల తర్వాత ఎండుతుంది.

ఇది వట్టి మాట కాదు. 2000 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు కరువు జిల్లాల్లో, అనంతపురంతో సహా, ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో ఒక పథకం నడిచింది. రైతులే వానమాపకం చూసి రాశారు, రైతులే బావుల్లో నీటి మట్టం కొలిచారు, రబీకి ముందు ఊరంతా కూర్చుని నీళ్ల బడ్జెట్ వేసుకున్నారు. ఫలానా పంటే వేయాలని ఎవరూ హుకుం జారీ చేయలేదు. అయినా చాలామంది వరి తగ్గించి తక్కువ నీళ్ల పంటలకు మారారు. ఎవరి తలలో వాళ్లకున్న బొమ్మను పదిమంది ముందు నేల మీద పెట్టారు కాబట్టే అది సాధ్యమైంది.

బొమ్మ నేల మీదికి వస్తే దాన్ని దిద్దవచ్చు. ఊరి వీధిలో ముగ్గుతో చెరువు, వంక, బోర్లు గీయండి. 'ఈ బోరు నడిస్తే ఆ బోరు సన్నగిల్లుతుంది' అని ఒకరంటారు. ఎండాకాలంలో ఏ వీధి కొళాయి ముందు ఆగిపోతుందో ఆడవాళ్లు చెబుతారు. పూడిపోయిన వాగు ఏ దారిన పారేదో ముసలివాళ్లు చూపిస్తారు. నేను చెప్పిన పదో వంతు మీ ఊళ్లో ఎనిమిదో వంతు కావచ్చు, పన్నెండో వంతు కావచ్చు. బావి మట్టం కొలిచి ఏటా సరిచేసుకోండి. లెక్క ఒకటి చెప్పి బావి ఇంకొకటి చెబితే బావినే నమ్మండి.

లెక్క చేతిలో ఉంటే అధికారుల ముందు మన మాటకూ బరువు వస్తుంది. 'నీళ్లివ్వండి' అంటే వినతిపత్రం తీసుకుని పంపిస్తారు. 'మా ఊరికి ఇన్ని కోట్ల లీటర్లు తక్కువ, హంద్రీ-నీవా నుంచి మా చెరువుకు ఇంత కావాలి' అంటే జవాబు చెప్పాల్సి ఉంటుంది. భూగర్భజల శాఖ కొలిచే మట్టాలు పంచాయతీ గోడ మీద రాయాలని అడుగుదాం. చెరువుల సప్లై ఛానళ్లు పూడిక తీయాలని అడుగుదాం. వరి మానమని సలహా చెప్పే ప్రభుత్వం రాగి, జొన్న, కంది మద్దతు ధరకు కొనాలని అడుగుదాం. కొనుగోలు లేకుండా పంట మార్చమంటే ఆ నష్టమంతా రైతే మోయాలి.

వచ్చే నెలలోపు ప్రతి ఊరి కమిటీ ఒక పని చేయాలి. బోర్లు ఎన్ని, నడిచేవి ఎన్ని, ఎండినవి ఎన్ని, ఏది ఎంత లోతు అని రాయండి. ఎండిన బోర్లను తప్పకుండా రాయండి. మన బొమ్మలో ఇన్నాళ్లూ లేనివి అవే.