అప్పీలు విన్నారా, లేదా?

సర్వీసు కేసులకే జీవితాన్ని ధారపోసిన న్యాయవాది పేరున ఈ సభ జరుగుతోంది. అందుకే ఆయన రోజూ తలపడిన ప్రశ్ననే ఎంచుకున్నాను. ప్రభుత్వోద్యోగి తన శాఖలో పెట్టుకున్న అప్పీలు విషయంలో కోర్టు ఎప్పుడు కలుగజేసుకోగలదు?

కథ మద్రాసులో మొదలవుతుంది. అక్కడి ప్రభుత్వ ముద్రణాలయంలో రీడరుగా ఉన్న ఆర్. వెంకటరావు గారిని కొలువు నుంచి తీసేశారు. నిబంధనలు చెప్పిన విచారణ జరపలేదు. ఆయన దావా వేసి, లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళారు. ఆ తీర్పు 1937 నాటి లా రిపోర్టుల్లో ఉంది. విచారణ సరిగా జరగలేదని కౌన్సిల్ ఒప్పుకుంది. అయినా ఆయనకు దావా వేసే హక్కు లేదంది. కొలువు ప్రభువుల ఇష్టం ఉన్నంతవరకే, అన్యాయం జరిగితే పై అధికారులకు మొరపెట్టుకోవాలి అన్నది దాని సారాంశం. తీసేసినవారూ, మొర వినేవారూ ఒకే గూటివారు. ఆ మొరను ఎలా విన్నారని అడిగే దిక్కు లేదు.

1950లో రాజ్యాంగం వచ్చింది. 311వ అధికరణం ఉద్యోగికి రక్షణ ఇచ్చింది, 226వ అధికరణం హైకోర్టు తలుపు తీసింది. ఇక ఆ తలుపు ఎంత వెడల్పు అన్న ప్రశ్న మిగిలింది. దానికి జవాబు మన రాష్ట్రపు కేసులోనే వచ్చింది. డిస్మిస్ అయిన ఒక సబ్‌ఇన్‌స్పెక్టరుకు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఊరటనిస్తే, 1963లో శ్రీరామారావు కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. హైకోర్టు శాఖా విచారణపై అప్పీలు కోర్టు కాదంది. సాక్ష్యం చాలుతుందా చాలదా అని తూచే పని దానిది కాదు. అసలు సాక్ష్యమే లేకపోయినా, సహజ న్యాయసూత్రాలను మీరినా, కేసుకు సంబంధం లేని విషయాలను మనసులో పెట్టుకుని ఉత్తర్వు ఇచ్చినా మాత్రం జోక్యం చేసుకోవచ్చు. ఉద్యోగులకు ఈ తీర్పు ఈనాటికీ చేదుగానే ఉంటుంది. నా దృష్టిలో మాత్రం అది సరైనదే. అయితే దానికొక షరతు ఉంది. సాక్ష్యం తూచే పని కోర్టుది కానప్పుడు, శాఖలోని అప్పీలు అధికారి ఆ పని నిజంగా చేసి తీరాలి.

ఆ షరతును స్పష్టంగా చెప్పింది 1986 నాటి రామ్‌చందర్ కేసు. ఆయన ఘాజియాబాద్ రైల్వే లోకోషెడ్డులో షంటర్. అప్పీలు వచ్చినప్పుడు మూడు సంగతులు చూడాలని రైల్వే నిబంధన చెబుతోంది: విచారణ పద్ధతిగా జరిగిందా, నిర్ధారణలకు సాక్ష్యాధారముందా, శిక్ష తగినదేనా. ఆయన అప్పీలుపై రైల్వే బోర్డు ఇచ్చిన ఉత్తర్వు ఏం చేసిందంటే, ఆ నిబంధన మాటలనే దించి, అన్నీ సరిగానే ఉన్నాయని తేల్చేసింది. ఆయన చెప్పుకున్నదేమిటో, దానికి బోర్డు జవాబేమిటో అందులో లేదు. సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును పక్కనపెట్టి, ఆయన చెప్పేది స్వయంగా విని, కారణాలు రాసి, అప్పీలును మళ్ళీ తేల్చమంది. ఇవాళ్టికీ నా బల్లమీదికి వచ్చే అప్పీలు ఉత్తర్వుల్లో చాలావాటికి అదే జబ్బు. పేజీన్నర ఉత్తర్వులో ఉద్యోగి వాదన గురించి ఒక్క వాక్యమూ ఉండదు. కొత్త అంశాలేవీ లేవు కనుక తిరస్కరించడమైనది అని ముగుస్తుంది. అప్పీలు వినలేదని ఆ కాగితమే సాక్ష్యం చెబుతుంది. వకీలు మొదట పట్టుకోవాల్సింది దాన్నే.

ఇలాంటి సర్వీసు వివాదాలు వినడానికి పెట్టిన ట్రైబ్యునళ్ళ కథ వేరే ఉపన్యాసానికి సరిపోతుంది, ఇక్కడ క్లుప్తంగా చెబుతాను. రాజ్యాంగం 371-డి అధికరణం కింద ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ ట్రైబ్యునల్ ఉత్తర్వును రాష్ట్ర ప్రభుత్వమే మార్చవచ్చు, రద్దు చేయవచ్చు అన్న నిబంధన ఉండేది. కేసులో ఓడిన ప్రతివాదే తీర్పు చెరిపేసుకోవడం! సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ట్రైబ్యునళ్ళపై హైకోర్టు సమీక్షాధికారాన్ని తీసేయడం చెల్లదని 1993లో మన హైకోర్టు ఫుల్ బెంచి సకినాల హరినాథ్ కేసులో చెప్పింది. 1997లో చంద్రకుమార్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అదే మాట దేశమంతటికీ ఖాయం చేసింది. తర్వాత తెలంగాణ 2016లో, ఆంధ్రప్రదేశ్ 2019లో ఆ ట్రైబ్యునల్‌ను వదులుకున్నాయి. రాష్ట్రోద్యోగులు ఇప్పుడు నేరుగా హైకోర్టుకే వెళుతున్నారు. కేంద్రోద్యోగులు మాత్రం ముందు కేంద్ర పరిపాలనా ట్రైబ్యునల్ (క్యాట్)కు వెళ్ళాలి.

ఉద్యోగ మిత్రులకు ఒక్క విన్నపం. కేంద్రోద్యోగి శిక్ష ఉత్తర్వు అందిన 45 రోజుల్లో అప్పీలు పెట్టాలి. ఆరు నెలలైనా దాన్ని తేల్చకపోతే ఊరకే ఎదురుచూడనక్కర్లేదు, 1985 నాటి పరిపాలనా ట్రైబ్యునళ్ళ చట్టం ప్రకారం క్యాట్‌కు వెళ్ళవచ్చు. ఆ ఆరు నెలలు దాటాక ఏడాదే గడువు. అర్జీ మీద అర్జీ పెట్టినంత మాత్రాన గడువు పెరగదని 1989లోనే రాథోర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పీలులో ప్రతి అభ్యంతరాన్నీ విడివిడిగా రాయండి, అందినట్టు రసీదు తీసుకోండి, గడువు దాటకముందే వకీలును కలవండి.