కొవ్వు పంపే కబురు

రంజాను మాసపు సాయంకాలం చార్మినారు దాపున హలీం బట్టీల సువాసన సోకితే మనకెవరికైనా ఆకలి పుట్టవలసినదే. రోజా ఉపవాసానికి సూర్యాస్తమయం హద్దు. లావెక్కుతామన్న భయంతో కొందరు, విశేషించి ఎదిగే బాలికలు, పట్టే పస్తుకు హద్దు లేదు. వైద్యులు దానిని అనొరెక్సియా అంటారు.

మన ఒంటి కొవ్వు వట్టి నిల్వసరకు కాదు. లెప్టిన్ అనే హార్మోనును రక్తంలోకి వదలి, నిల్వలు ఏపాటి ఉన్నవో మెదడుకు తెలుపుతూ ఉంటుంది. దాని జన్యువును 1994లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనుగొన్నది. కొవ్వు కరిగితే లెప్టిన్ పడిపోతుంది. అంతట మెదడు పొదుపునకు దిగి నెలసరిని నిలిపివేస్తుంది. ఎముకలు కూడ గుల్లబారుతాయి. లెప్టిన్ తగ్గినప్పుడు ఆకలి పెరగాలి కదా! ఈ రోగులలో భయం ఆ పిలుపును సైతం అణచివేస్తుంది. దీనిని మొండితనమని కసురుకొనడం తగదని మా తలంపు. చికిత్సతో బరువు తిరిగి వచ్చిన కొద్దీ లెప్టిన్ కూడ పెరుగుతుంది.