ఒంట్లోని గడియారం – ఒత్తిడి హార్మోను



రాత్రి రౌండుకు వచ్చినప్పుడు చాలాసార్లు పేషెంటు నిద్రపోతుంటారు, మంచం పక్కన చాప మీద మీరు మేలుకొని ఉంటారు. అందుకే ఈ రోజు నా మాటలు ముఖ్యంగా మీ కోసమే.

"సిస్టర్, కార్టిసాల్ పరీక్షకు పొద్దున 8 గంటలకే రక్తం ఎందుకు తీస్తారు?" అని కొందరు అడుగుతారు. కార్టిసాల్ అనేది మూత్రపిండాల పైన టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులలో తయారయ్యే హార్మోను. భయం, బాధ, జబ్బు కలిగినప్పుడు పెరుగుతుంది కనుక దానిని ఒత్తిడి హార్మోను అంటారు. అయితే ఏ ఒత్తిడీ లేకపోయినా అది రోజూ ఎక్కి దిగుతుంది. మనం నిద్ర లేచే వేళకు ఎక్కువ, అర్ధరాత్రి ప్రాంతంలో బాగా తక్కువ. అందుకే వేళ చూసి రక్తం తీస్తాం. ఈ వేళలను నడిపే గడియారం మన మెదడులోనే ఉంది. కంట్లో పడే వెలుగును బట్టి అది రోజూ తన టైము సరిచేసుకుంటుంది.

అమెరికాలో న్యూయార్క్‌లోని రాకఫెల్లర్ యూనివర్సిటీలో బ్రూస్ మెక్‌యువెన్ అనే మెదడు శాస్త్రవేత్త ఉండేవారు. 2020లో మరణించారు. ఎలుకలలో ఈ ఒత్తిడి హార్మోను మెదడులోకి వెళ్ళి, జ్ఞాపకశక్తికి అవసరమైన హిప్పోక్యాంపస్ అనే భాగంలో అతుక్కుంటుందని 1968లో ఆయన, ఆయన తోటివారు చూపించారు. అంటే ఒత్తిడి మన జ్ఞాపకాన్ని, ప్రవర్తనను కూడా తాకుతుందన్నమాట. ఎలుకలను చాలా రోజులు ఒత్తిడిలో ఉంచితే ఆ భాగంలోని నరాల కణాల కొమ్మలు కురచబడ్డాయి. ఒత్తిడి తీసేశాక అవి మళ్ళీ పెరిగాయి. ఈ రెండో మాట మరచిపోవద్దు.

2011లో ఆయన బృందం మరో ప్రయోగం ప్రచురించింది. చిట్టెలుకలకు 10 గంటలు వెలుగు, 10 గంటలు చీకటి ఇచ్చి, రోజును 24కు బదులు 20 గంటలు చేశారు. కొన్ని వారాలకు అవి లావెక్కాయి. మెదడు ముందు భాగంలో కణాల కొమ్మలు తగ్గాయి. నేర్చుకున్న పద్ధతి మారిస్తే కొత్తదానికి అలవాటు పడలేకపోయాయి. మనం చిట్టెలుకలం కాము, అంతా అలాగే జరుగుతుందని చెప్పలేము. కానీ వేళ తప్పిన నిద్రను తేలికగా తీసుకోకూడదని దీని వలన తెలుస్తుంది.

ఇక నా తప్పు ఒకటి చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, తుంటి ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన మూడవ రాత్రి సెలైన్ గొట్టం పీకేసి, సొంత కోడలినే "నువ్వెవరు?" అన్నారు. గాలి సోకిందన్నారు ఇంటివాళ్ళు. నేను లైట్లన్నీ వేసి, "సరిగ్గా చూసుకోవద్దా అమ్మా!" అని ఆ కోడలిని కసిరాను. మూడు రాత్రులు కన్ను మూయని ఆ అమ్మాయి తెల్లవారి పంపు దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. ఆయనది గాలి కాదు, పిచ్చీ కాదు. డెలీరియం అనే స్థితి. ఇన్‌ఫెక్షన్, నొప్పి, ఒంట్లో లవణాల తేడా, కొన్ని మందులు ఇందుకు కారణం కావచ్చు. నిద్రలేమి దానిని ఇంకా పెంచుతుంది. ఆయన కొద్ది రోజులలో తేరుకొని కోడలిని పేరుపెట్టి పిలిచారు. నేను ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పుకున్నాను.

కనుక దయచేసి ఇవి పాటించండి.

1. పగలు కర్టెన్ తీసి వెలుగు రానివ్వండి. పేషెంటుకు కళ్ళజోడు, వినికిడి మిషను పెట్టండి. ఈ రోజు ఏ వారమో, ఎక్కడున్నారో చెబుతూ ఉండండి.

2. రాత్రి అవసరమైన లైటు మాత్రమే ఉంచండి. సెల్‌ఫోను, టీవీ ఆపండి.

3. తోడు ఉండేవారు వంతులు వేసుకోండి. ఒకరే అన్ని రాత్రులూ మేలుకోవద్దు. సాయంత్రం తర్వాత టీ, కాఫీ తగ్గించండి.

4. పేషెంటు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే కసరవద్దు, కట్టివేయవద్దు. ఏ వేళ అయినా వెంటనే నర్సును పిలవండి.

5. ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్ మాత్రలు సాధారణంగా పొద్దున టిఫిన్ తర్వాత ఇస్తాం. ఒంట్లోని హార్మోను సహజంగా పెరిగే వేళ అదే. చాలా రోజులు వాడిన తర్వాత మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, ప్రాణానికే ప్రమాదం. డాక్టరు గారు చెప్పిన ప్రకారమే తగ్గించాలి.

చివరిగా ఒక మాట. కాసేపు పడుకుంటే పేషెంటును వదిలేసినట్టని చాలామంది బాధపడతారు. అలా అనుకోవద్దు. రాత్రి డ్యూటీలో మేము మేలుకొనే ఉంటాం. పొద్దున డాక్టరు గారు చెప్పే మాటలు విని గుర్తు పెట్టుకోవలసింది మీరు. ఇంటికి వెళ్ళాక వేళకు మందు ఇవ్వవలసిందీ మీరే. అందుకు మీ ఒంట్లోని గడియారం కూడా సరిగా నడవాలి.

సెలవు.