సేవయు విద్యయు



మంచము పట్టిన వృద్ధులకు ఏండ్ల తరబడి పరిచర్య చేయుచునే పైచదువులు చదువు నర్సులు నేడు మన బిడ్డలలోను గలరు. 1946లో స్థాపితమైన ఢిల్లీ నర్సింగు కళాశాల 1959లోనే ఎమ్మే వంటి ఉన్నత పట్టమునకు బోధన నారంభించినది.

"సేవకు చదువేల?" యని కొందరడుగుదురు. కదలలేని రోగిని ఇంచుమించు రెండు గంటల కొకమారు ప్రక్కకు త్రిప్పుట అభ్యాసముచే తెలియును. ఒత్తిడిచే రక్తప్రసారము తగ్గి పుండు పడునని చదువు తెలుపును. కారణ మెరిగినవారు ఎముక తేలినచోట తొలి యెరుపునే కనిపెట్టుదురు.

అయిన నామెదియు దేహమే. రాత్రి కొలువు, పగలు పాఠము, ఆపై ఇంటిపని యన్నచో నెట్లోర్చును? నిద్రలేని కన్ను మందుచీటిని తప్పుగా చదువవచ్చును. ఫలము రోగి యనుభవించును. కావున ఆమె నిద్ర సోమరితనము కాదు, రోగికి రక్ష.

పెద్దలారా! కూతురైనను కోడలైనను పగటివేళ నామెను నిద్రింపనిండు. ఆ గడియలలో పిల్లలను మీరు చూచుకొనుడు, పొయ్యి మరియొకరు చూతురు గాక. చదువు నడుమ మాన్పింపకుడు. రేపు మంచము పట్టువారము మనమే కావచ్చును.