వనభోజనంలో చదివిన మాట



కార్తీక మాసంలో మనం కలిసి వనభోజనానికి నడిచి వెళ్లాం గదా. ఆ రోజు రాలేనివాళ్లు కూడా ఇక్కడ ఉన్నారు. వాళ్ల కోసం ఆ సంగతి మళ్లీ చెప్పుకుందాం.

వానలు వెనకబట్టాయి. ఎండ కాసింది గాని, కాల్చలేదు. వరి కంకులు వంగుతున్నాయి. కంది చేలు పసుపుపచ్చగా పూశాయి. ముందు పిల్లలు పరుగు. వెనక గిన్నెలు నెత్తిన పెట్టుకుని మనం.

"ఇంత దూరం ఎందుకమ్మా? పెరట్లోనే తిందాం" అని ఒక అవ్వ సణిగింది. దారి పక్కన కిలోమీటరు రాయి ఉంది. "ఎంత దూరమో నువ్వే చదువు అవ్వా" అన్నాను. ఆమె వేలు పెట్టి చూసింది. "రెండు! రెండేనా? అయితే నడుస్తా" అంది. అందరం నవ్వాం.

ఆ రాయి తలకు నారింజ రంగు ఉంది. అది పల్లె దారి గుర్తు. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన దారుల్లో ఈ రంగు రాళ్లు ఉంటాయి. జాతీయ రహదారి రాయికి పసుపు రంగు. రాష్ట్ర రహదారి రాయికి ఆకుపచ్చ.

తోటలో ఉసిరి చెట్టు కింద పొయ్యి పెట్టాం. తెచ్చిన నీళ్లు చాలలేదు. మోటారు షెడ్డు దగ్గర ఖాళీ ప్లాస్టిక్ డబ్బా పడి ఉంది. ఒక తమ్ముడు దాన్ని బాగా కడిగాడు. నీళ్లు పట్టి తెచ్చాడు. పప్పులో పొయ్యబోయాడు.

"ఆగు తమ్ముడూ!" అని ఒక అక్క చెయ్యి పట్టుకుంది. డబ్బా మీది కాగితం సగం చిరిగిపోయింది. పుర్రె బొమ్మ కూడా పోయింది. మిగిలిన ముక్క మీద మూడు అక్షరాలు. అక్క కూడబలుక్కుని చదివింది. వి... ష... ము. విషము!

అది పురుగుమందు డబ్బా. ఆ నీళ్లు పారబోశాం.

ఒక మాట ఒప్పుకోవాలి. నేను పక్కనే ఉప్పు కొలుస్తున్నాను. డబ్బా నా కంట పడింది. కాని చదవలేదు. చదివింది అక్క. 'ష' దగ్గర ఆమె ఎన్నో రోజులు ఆగింది. "ఈ అక్షరం నాకెందుకు టీచరమ్మా?" అని విసుక్కుంది కూడా.

పురుగుమందు డబ్బా మీద, మూల మీద నిలబెట్టిన చదరం ఉంటుంది. దాని కింది సగంలో రంగు చూడండి. ఎరుపు అంటే అన్నిటికన్నా ఎక్కువ విషం. తర్వాత పసుపు. ఆ తర్వాత నీలం. ఆకుపచ్చ అంటే తక్కువ. తక్కువే గాని, అదీ విషమే. ఆ డబ్బా ఎంత కడిగినా నీళ్లకు, నూనెకు, గింజలకు పనికి రాదు. చిల్లులు పొడవాలి. మళ్లీ ఎవరూ వాడకుండా చెయ్యాలి.

మన వాచకం అయిపోయింది. ఇంక చదవడానికి ఏముంది అని కొందరు అడుగుతున్నారు. రాయి ఉంది. డబ్బా ఉంది. బస్సు బోర్డు ఉంది. మందు చీటీ ఉంది. వాడని కొడవలికి తుప్పు పడుతుంది. చదవని అక్షరం కూడా అంతే.

ఈ రాత్రి ఇంటికి పోయి, మీ చూరు కింద ఉన్న డబ్బాలన్నీ చూడండి. వాటి మీద ఏముందో చదవండి. రేపు వచ్చి పలక మీద రాసి చూపించండి.