రాయి పగిలింది, పని మిగిలింది
(ఉధ్నాలో మరమగ్గాల మీద పనిచేసే తెలుగు ఖాతాదారుల కోసం మా శాఖ ఏర్పాటు చేసిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు సమావేశం పొదుపు, బీమాల గురించి. నేను మాత్రం కిడ్నీలో రాళ్ల గురించి మాట్లాడతానని అడిగి తీసుకున్నాను. బంగారం తాకట్టు పెట్టడానికి వచ్చినవాళ్లను అప్పు దేనికని అడుగుతాం. పిల్లల ఫీజు, ఊళ్లో ఇల్లు, చెల్లెలి పెళ్లి అంటారు. ‘రాయి ఆపరేషన్’ అనే మాట కూడా వింటుంటాం. నేను డాక్టరును కాను. అయినా, మెడలో పుస్తెల తాడు తీసి ఇచ్చేంత ఖర్చు ముందు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

వరంగల్, కరీంనగర్, నల్గొండ వైపు నుంచి వచ్చి ఇక్కడ సాంచాల మీద నిలబడ్డవాళ్లే మనలో ఎక్కువ. షిఫ్టు పన్నెండు గంటలు. షెడ్డులో ఉక్క, చెమట. కూలీ మీటరు లెక్కన. పోగు తెగితే బట్ట పాడవుతుందని సాంచను విడిచి కదలరు. మూత్రానికి వెళ్లాల్సి వస్తుందని నీళ్లే తాగరు. ఒంట్లో నీరు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది. అందులోని కాల్షియం, ఆక్సలేట్ వంటి లవణాలు పలుకులు కట్టి, ఆ పలుకే రాయవుతుంది.

చిన్న రాయి, అంటే 5 మిల్లీమీటర్ల లోపుది, చాలామందిలో దానంతటదే పడిపోతుంది. పెద్దది కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే సన్నని నాళంలో ఇరుక్కుంటుంది. నడుము పక్క నుంచి గజ్జల దాకా మెలిపెట్టే నొప్పి అదే.

ఇప్పుడు లేజర్ సంగతి. ‘లేజర్ అంటే కాలుస్తారట కదా, కోస్తారట కదా’ అని చాలామందికి భయం. కోత ఉండదు. మూత్రం వచ్చే దారిలోనే సన్నని దుర్బిణి గొట్టాన్ని పంపుతారు. దాని గుండా ఒక గాజు పోగు వెళ్తుంది. మందం మిల్లీమీటరులో అయిదో వంతు దాకా ఉంటుంది. పోగు సన్నదనం మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ పోగు కొస రాయిని తాకుతుండగా వెలుగును విడతలు విడతలుగా వదులుతారు. ఎక్కువగా వాడే హోల్మియం లేజర్ వెలుగును నీరు చప్పున పీల్చేసుకుంటుంది. అందుకే దాని వేడి అర మిల్లీమీటరు కూడా దాటి పోదు. రాయి ముక్కలవుతుంది, పొడి అవుతుంది, పక్కనున్న కండకు దెబ్బ తక్కువ.

1960లో అమెరికాలో మైమన్ తొలి లేజర్‌ను వెలిగించినప్పుడు ఇది ఉధ్నా కార్మికుడి కిడ్నీ దాకా వస్తుందని ఎవరూ అనుకుని ఉండరు. 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో బయటి నుంచే రాయిని పగలగొట్టే పద్ధతి మొదలైంది. అది లేజర్ కాదు, శబ్ద తరంగాల దెబ్బ. కిడ్నీలో 2 సెంటీమీటర్లు దాటిన రాయికైతే సాధారణంగా వీపు వైపు చిన్న రంధ్రం చేసి తీస్తారు. ఏ రాయికి ఏ పద్ధతి అన్నది డాక్టరు చెప్పాలి, పక్క సాంచ మీది మిత్రుడు కాదు. మన రాష్ట్రంలోనే, అహ్మదాబాద్ రైలు దారిలో, నడియాద్‌లో 1978 నుంచి మూత్రపిండాల వైద్యానికే ప్రత్యేకించిన ముల్జీభాయ్ పటేల్ ఆసుపత్రి ఉంది.

మూడు చోట్ల మాత్రం ఆలస్యం పనికిరాదు.

మొదటిది, నొప్పి తగ్గడం. తగ్గింది కదా అని మళ్లీ షిఫ్టుకు పోతారు. రాయి పడిపోకుండానే నొప్పి తగ్గవచ్చు. దారి మూసుకుని ఉంటే కిడ్నీ చప్పుడు లేకుండా పాడవుతుంది. స్కానింగ్‌లో చూస్తేనే నిజం తెలుస్తుంది.

రెండోది, చలిజ్వరం. రాయి నొప్పితో పాటు చలి, జ్వరం వస్తే అది ప్రాణం మీదికి తెచ్చే సంగతి. ఊరికి పోయి చూపించుకుందామని రైలెక్కొద్దు. ఆ రాత్రే ఆసుపత్రికి పోవాలి. అప్పుడు ముందు చీము, మూత్రం బయటికి పోయే దారి చేస్తారు. లేజర్ తర్వాత.

మూడోది, స్టెంట్. రాయి తీశాక నాళం మూసుకోకుండా లోపల ఒక మెత్తని గొట్టం పెట్టి పంపవచ్చు. దాన్ని చెప్పిన రోజున తీయించుకోవాలి. నెలల తరబడి వదిలేస్తే ఆ గొట్టం చుట్టే కొత్త రాయి పేరుకుంటుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తేదీని మరవని మనం, ఆ తేదీని కూడా ఇంట్లో క్యాలెండర్ మీద రాసుకోవాలి.

ఇక డబ్బు. బంగారం అప్పు ఇవ్వడం మా వ్యాపారమే. అయినా నా మాట ఇది: ముందు కార్డు చూసుకోండి, తర్వాతే నగ తీయండి. ఆయుష్మాన్ కార్డు దేశంలో ఎక్కడైనా పథకంలో చేరిన ఆసుపత్రిలో చెల్లుతుంది. మన ఊరి కార్డు ఇక్కడా పనికొస్తుంది. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి, యజమాని ఈఎస్ఐ కడుతుంటే ఆ హక్కూ మీదే. ఆ ఆసుపత్రి జాబితాలో ఉందా, మీకు చెప్పిన చికిత్స అందులో వస్తుందా అని చేరకముందే అడగండి. కార్డుకు ఆధార్ తప్పు అడ్డమైతే మా శాఖకు రండి, ఎక్కడ సరిచేయించుకోవాలో చెప్తాం.

చివరిగా అసలు మాట. లేజర్ రాయిని పగలగొడుతుంది, రాయి పుట్టే అలవాటును కాదు. ఒకసారి వచ్చినవాళ్లలో చాలామందికి మళ్లీ వస్తుంది. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం పోయేలా నీళ్లు తాగాలి. మన చెమటకు అంతకు మించే తాగాలి. మూత్రం లేత రంగులో ఉంటే లెక్క సరిపోయినట్టు. ఉప్పు, పచ్చళ్లు తగ్గించండి. నిమ్మరసం మంచిది. పాలు, పెరుగు మానొద్దు. భోజనంతో తీసుకున్న కాల్షియం ఆక్సలేట్‌ను పేగులోనే పట్టేస్తుంది. బీరు తాగితే రాయి కరుగుతుందన్న మాట నమ్మొద్దు. గుజరాత్‌లో ఆ వైద్యం చేయించుకుంటే పోలీసు కేసు కూడా కలిసొస్తుంది.

సాంచ పక్కన ఒక నీళ్ల సీసా, మూత్రానికి వెళ్లడానికి పది నిమిషాలు. వీటిని యజమానులను అడగడానికి మొహమాటపడకండి. ఈ సభలో యజమానులు కూడా కొందరున్నారు. పది నిమిషాల బట్ట నష్టం ఎంతో, పనివాడు పది రోజులు రాకపోతే నష్టం ఎంతో వాళ్లే లెక్క వేసుకోగలరు.