మాస్టారి పాఠాలు మళ్ళీ తెరుచుకున్నాయి

(స్వర్ణోత్సవాల సందర్భంగా పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

"నువ్వు సాఫ్ట్‌వేరులో ఉన్నావు కదా, కంప్యూటర్ల గురించి ఒక ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నారు కార్యదర్శి గారు. కంప్యూటర్ల గురించంటే రాత్రంతా మాట్లాడొచ్చు, భోజనాలు చల్లారిపోతాయి. అందుకని ఒక్క వస్తువు గురించే చెబుతాను. నా వెనక తెర మీద మీరు చూస్తున్నది దాంతో చేసిందే.

నిరుడు వేసవిలో మన సైన్సు మాస్టారు ఫోన్ చేశారు. "ఒరేయ్, నా పాఠాలు తెరిస్తే పిచ్చి గీతలు వస్తున్నాయిరా. నీకేమైనా తెలుస్తుందేమో చూడు" అన్నారు. మన బడికి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో ఆయన సాయంత్రాలు ల్యాబులో కూర్చుని, ఒక్కో వేలితో టైపు చేసి, తొమ్మిది, పది తరగతుల పాఠాలకు స్లైడ్లు తయారు చేసుకున్నారు. మొత్తం నలభై పాఠాలు. వాటిని సీడీల మీద రాసి, రిటైరయ్యాక ఇంట్లో బీరువాలో దాచుకున్నారు. ఇప్పుడు మనవరాలికి చూపిద్దామని తీస్తే, బొమ్మలు కనబడుతున్నాయి కానీ తెలుగంతా ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలుగా మారిపోయింది.

కారణం చిన్నదే. ఆ రోజుల్లో మనం వాడిన తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలకు తెలుగు ముసుగు వేసేవి. ఫైలులో నిజంగా ఉన్నది ఇంగ్లీషే. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులోనే అది తెలుగులా కనిపిస్తుంది. ఫాంటు పోతే పాఠమూ పోయినట్టే. యూనికోడ్‌లో అలా కాదు. 'అ'కు 3077 అనే అంకె శాశ్వతంగా కేటాయించారు. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగు ఉంది. అయినా అది మన ఊరి కంప్యూటర్ల దాకా రావడానికి ఏళ్ళు పట్టింది.

నలభైలో ఇరవై ఆరు పాఠాలు దక్కాయి. మిగతా సీడీలు గీతలు పడి చదవడానికే లేకుండా పోయాయి. దక్కినవాటిని యూనికోడ్‌లోకి మార్చుకుంటూ కూర్చున్నప్పుడు నాకొక భయం పట్టుకుంది. ఇవాళ నేను ఎందులో పెడతానో అది ఇంకో ఇరవై ఏళ్ళకు తెరుచుకుంటుందా? అందుకే రివీల్ జేఎస్ అనే పనిముట్టును ఎంచుకున్నాను. దాని కథ చెబుతాను.

స్లైడ్లు అనగానే మనకు గుర్తొచ్చేది పవర్‌పాయింట్. 1987లో ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీ దాన్ని మెకింటోష్ కోసం తెచ్చింది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని కొనేసింది. మంచి పనిముట్టే, నేనూ వాడతాను. కానీ దాని ఫైలు తెరవాలంటే దాన్ని చదవగల ప్రోగ్రాం ఒకటి ఉండాలి. వెబ్ పేజీ అలా కాదు. బ్రౌజరు లేని కంప్యూటరు, ఫోను ఇప్పుడు ఎక్కడా లేవు. పైగా పేజీ అంటే మామూలు అక్షరాలే, నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదవొచ్చు. మరి స్లైడ్లనే వెబ్ పేజీగా రాస్తే?

ఈ ఆలోచన కొందరికి ముందే వచ్చింది. 2004లో ఎరిక్ మేయర్ ఎస్5 అనే చిన్న పద్ధతిని తయారు చేసి అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. ఆ మరుసటి ఏడాది డేవ్ రాగెట్ స్లైడీ తెచ్చాడు. అవి పనిచేసేవి కానీ చూడ్డానికి చప్పగా ఉండేవి. 2011 నాటికి బ్రౌజర్లు బొమ్మలను త్రీడీలో తిప్పడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాయి. స్వీడన్‌కు చెందిన హకీం ఎల్ హతాబ్ అనే కుర్రాడు ఆ కొత్త విద్యను పరీక్షించడానికి ఒక స్లైడ్ల ప్రదర్శన రాసి, గిట్‌హబ్‌లో అందరికీ కనబడేలా పెట్టాడు. మొదట అదొక సరదా ప్రయోగమే. జనం వాడడం మొదలుపెట్టి, ఇది లేదు, అది లేదు అని అడగసాగారు. అలా రివీల్ జేఎస్ పెరిగింది.

దాని నిర్మాణం చాలా తేలిక. ఒక్కో స్లైడుకు ఒక్కో 'సెక్షన్'. సెక్షన్‌లో ఇంకో సెక్షన్ పెడితే, స్లైడు కింద స్లైడు వస్తుంది. అంటే పక్కకు వెళితే కొత్త విషయం, కిందికి దిగితే అదే విషయం ఇంకాస్త లోతుగా. మాస్టారి పాఠాలకు ఇది అచ్చంగా సరిపోయింది. "కాంతి పరావర్తనం" పక్కకు, దాని కింద ఆయన వేసిన అద్దాల బొమ్మలు, ఆ కింద లెక్కలు. చురుకైన పిల్లలుంటే కిందికి దిగొచ్చు, టైం లేకపోతే పక్కకు సాగిపోవచ్చు. ఎస్ అక్షరం నొక్కితే చెప్పేవాళ్ళకు మాత్రమే కనిపించే నోట్సు వేరే కిటికీలో వస్తుంది. బీ నొక్కితే తెర నల్లబడిపోతుంది, అప్పుడు పిల్లలు మాస్టారి మొహం చూస్తారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

తర్వాత సూత్రాలు, గణిత సమీకరణాలు రాసుకునే వీలు వచ్చింది. పీడీఎఫ్‌గా ముద్రించుకునే వీలు వచ్చింది. శాస్త్రవేత్తలు లెక్కలు చేసుకునే జూపిటర్ నోట్‌బుక్‌ను నేరుగా ఇలాంటి స్లైడ్లుగా మార్చే ఏర్పాటు వచ్చింది. 2020లో నాలుగో వెర్షన్ వచ్చింది. లోపలి కోడును కొత్త పద్ధతిలోకి మార్చారు. ఒక స్లైడులోని వస్తువు తర్వాతి స్లైడులో తన కొత్త చోటికి దానంతటదే జరిగే సౌకర్యం పెట్టారు. 2023లో ఐదో వెర్షన్‌లో, ఫోనులో తెరిస్తే స్లైడ్లు మామూలు పేజీలా కిందికి జరిగే పద్ధతి తెచ్చారు. ఇవాళ పిల్లలు పాఠం చూసేది ఫోనులోనే కదా.

ఇన్ని మారినా, స్లైడు అంటే ఒక సెక్షన్ అన్న మూల సూత్రం మారలేదు. ఇంకో సంగతి. పాఠం ఉన్న ఫోల్డరులోనే ఆ పనిముట్టు ప్రతి కూడా ఉంటుంది. రేపు కొత్త వెర్షన్ వచ్చినా, రాకపోయినా, పెన్ డ్రైవులో ఉన్న మాస్టారి పాఠానికి పనిలేదు. దాని సామాను దాని దగ్గరే ఉంది. ఫాంటును కూడా అందులోనే పెట్టాను. మండలి, రామభద్ర, గురజాడ లాంటి తెలుగు ఫాంట్లను ఎవరైనా పంచుకునే లైసెన్సుతో విడుదల చేశారు కాబట్టి అలా పెట్టగలిగాను.

రివీల్ జేఎస్‌కు ఉన్నది ఎంఐటీ లైసెన్సు. వాడుకో, మార్చుకో, అమ్ముకో, నా పేరున్న ఆ చీటీ మాత్రం తీసేయకు అని దాని సారాంశం. మరి ఆయనకు కడుపు నిండేదెలా అని మన కామర్స్ లెక్చరరు అన్నయ్య అడుగుతారని తెలుసు. కోడు రాయడం రానివాళ్ళు మౌసుతో స్లైడ్లు చేసుకునేలా స్లైడ్స్ అనే సర్వీసును ఆయన మరొకరితో కలిసి పెట్టాడు. దానికి డబ్బు తీసుకుంటారు. అసలు పనిముట్టు మాత్రం అందరికీ ఉచితం. ఉచితంగా ఇచ్చి ఊరుకోవడం వేరు, పదేళ్ళు దాటినా దాన్ని బాగుచేస్తూ ఉండడం వేరు. ఇలా మొదలై, చూసేవాళ్ళు లేక బూజుపట్టిన ప్రాజెక్టులు వేలల్లో ఉన్నాయి. నేను మొదలుపెట్టినవీ రెండున్నాయి వాటిలో.

ఉన్నమాట చెప్పాలి. ఇది అందరికీ తేలిక కాదు. ఇప్పుడు పనిచేస్తున్న టీచర్లను, మీ పవర్‌పాయింట్ పారేసి కోడు రాయండి అని నేను అడగను. ఎందులో చేసినా సరే, తెలుగు యూనికోడ్‌లో టైపు చేయండి. పాఠంలోని మాటలను విడిగా ఒక మామూలు టెక్స్ట్ ఫైలులో కూడా ఉంచండి. కనీసం రెండు చోట్ల దాచండి. ఈ మూడూ చేస్తే మిగతా పని నాలాంటివాళ్ళు ఎప్పుడైనా చేసిపెడతారు.

మన సంఘానికి కూడా ఒక విన్నపం. యాభై ఏళ్ళకు గుర్తుగా ఆర్చి కడదామా, విగ్రహం పెడదామా అని చర్చ జరుగుతోంది. కట్టండి, నా వంతు చందా ఇస్తాను. దాంతోపాటు, మన బడిలో చెప్పి వెళ్ళిపోయిన మాస్టార్ల, టీచరమ్మల నోట్సు ఎవరి దగ్గర ఏమున్నా తీసుకురండి. లెక్కల టీచరు గారి లెసన్ ప్లాన్లు, తెలుగు పండితుల వారి వ్యాకరణం చార్టులు ఎవరి అటక మీదో ఉండే ఉంటాయి. టైపు చేసే పిల్లలు ఉన్నారు, తప్పులు దిద్దే పెద్దలు ఉన్నారు. స్లైడ్లుగా పెట్టే పని నాది. రేపు పొద్దున పది గంటల నుంచి కంప్యూటర్ ల్యాబులోనే ఉంటాను.

పోయిన ఆ పద్నాలుగు పాఠాల సంగతి మాస్టారికి చెప్పడానికి నాకు నోరు రాలేదు. చివరికి చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "ఏవి పోయాయో పేర్లు రాసి పంపరా, మళ్ళీ రాస్తాను" అన్నారు. ఇప్పటికి ఆరు రాసి పంపారు, ఈసారి నోటుబుక్కులో, చేతిరాతతో. అందులో మొదటిది మీకు ఇప్పుడు తెర మీద కనిపిస్తోంది. మాస్టారు ముందు వరసలోనే ఉన్నారు. దీన్ని చెప్పాల్సింది నేను కాదు.

మాస్టారూ, రండి. మైకు ఇదిగో.